పాత పటం వయసు తేల్చాలంటే కార్బన్ డేటింగ్ ఒక్కటే సరిపోతుందా?

అయ్యకోనేరు గట్టు (విజయనగరం)
అందరికీ నమస్కారం. రాజాం దగ్గర మా అమ్మగారి పుట్టిల్లు పంపకాలకు వచ్చింది. దేవుడి గదిలో శ్రీరామ పట్టాభిషేకం పటం ఒకటి ఉంది. గుడ్డ మీద వేసి, వెనక చెక్క బిగించారు. ఎత్తు మూరన్నర ఉంటుంది. రాముడి ఒళ్లు నీలం, సీతమ్మ చీర ఎరుపు, సింహాసనం పసుపు. దీపం పొగకి పైభాగం నల్లబడిపోయింది. కింద కుడివైపు మూలన రంగు పెచ్చులుగా లేస్తోంది.

మా పెద్ద మావయ్య ఇది వాళ్ల తాతగారి తాతగారి నాటిదంటారు. పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చి చూసి, "కార్బన్ డేటింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, 250 ఏళ్లని తేలితే రేటు మాట్లాడదాం" అన్నాడు. ఇంకొకాయన చూసి, స్వాతంత్ర్యం వచ్చాక వేసిందే అని తేల్చేశాడు. ఈ రెండు మాటల మధ్య మావయ్యలిద్దరికీ పడటం లేదు. అమ్మడం, అమ్మకపోవడం తర్వాత సంగతి. నిజంగా దీని వయసు తెలుసుకునే దారి ఉందా? పరీక్షకి ఎంత ముక్క కోయాలి? ఎక్కడ చేస్తారు? తెలిసినవారు చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం)
ముందు ఆ పటాన్ని ఎవరూ తుడవకుండా, కడగకుండా చూడండి. పంపకాలప్పుడు శుభ్రం చేద్దామని తడిగుడ్డ పెట్టేస్తారు. జిగురుతో కలిపిన రంగులు నీళ్లు తగిలితే ఊడొచ్చేస్తాయి. మా బంధువుల ఇంట్లో ఒక పటాన్ని ఫ్రేము కట్టే షాపులో ఇస్తే, మెరుస్తుందని పైన వార్నిష్ కొట్టి ఇచ్చారు. ఇప్పుడు దాన్ని ఏ పరీక్షకి ఇచ్చినా ముందు ఆ వార్నిష్‌తో తంటా.

కెమిస్ట్రీ మాస్టారు (శ్రీకాకుళం)
ప్రశ్న బాగుంది, కొంచెం వివరంగా చెప్తాను.

మొక్క బతికున్నంతకాలం గాలిలోంచి కార్బన్ తీసుకుంటుంది. అందులో రేడియోధార్మిక కార్బన్-14 చాలా కొద్దిగా ఉంటుంది. పత్తికాయ కోసిన రోజునుంచి కొత్తది రావడం ఆగిపోతుంది, ఉన్నది మెల్లగా తరుగుతుంది. సగానికి సగం తరగడానికి 5730 ఏళ్లు పడుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు కోశారో లెక్క కట్టవచ్చు. విల్లార్డ్ లిబ్బీ 1949లో దీన్ని చేసి చూపించారు, 1960లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇందులో చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకే మోతాదులో లేదు. సూర్యుడి చురుకుదనం మారినప్పుడల్లా అదీ మారింది. పారిశ్రామిక విప్లవం తర్వాత బొగ్గు మండించడం మొదలయ్యాక, కోట్ల ఏళ్లనాటి కార్బన్ వచ్చి గాలిలో కలిసింది. బొగ్గులో కార్బన్-14 ఏమీ ఉండదు కాబట్టి మోతాదు పలచబడింది. ఈ హెచ్చుతగ్గుల్ని చెట్ల వలయాలతో సరిచూసి ఒక వక్రరేఖ గీశారు. ఆ రేఖ సుమారు 1650 నుంచి 1950 వరకు తిన్నగా దిగకుండా పైకీ కిందికీ ఊగుతుంది. దాంతో వందా రెండొందల ఏళ్ల తేడాతో కోసిన పత్తికి కూడా దాదాపు ఒకే అంకె రావచ్చు.

ల్యాబ్‌వాళ్లు అబద్ధం చెప్పరు. "ఈ శతాబ్దంలో ఇంత శాతం, ఆ శతాబ్దంలో ఇంత శాతం అవకాశం" అని మూడు నాలుగు ముక్కలుగా రాసిస్తారు. సర్టిఫికెట్ అడిగినాయన అందులో తనకు నచ్చిన ముక్క పట్టుకుంటాడు. మీ మావయ్యగారి మాట ప్రకారం ఆ పటం 1800లకి అటూ ఇటూ ఉండాలి. సరిగ్గా ఆ కాలంలోనే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

అయ్యకోనేరు గట్టు
మాస్టారూ, అయితే కార్బన్ డేటింగ్ మాకు పనికిరాదన్నమాటేనా? అందరూ దాని పేరే చెప్తున్నారు.

కెమిస్ట్రీ మాస్టారు
పనికొస్తుంది బాబూ, మీరనుకున్న ప్రశ్నకి కాదు. "250 ఏళ్లదా, 120 ఏళ్లదా" అంటే తేల్చలేదు. "1950ల తర్వాతదా, ముందుదా" అంటే మాత్రం గట్టిగా చెప్తుంది.

1950లలో, 60లలో అమెరికా, సోవియట్ యూనియన్ వగైరా దేశాలు అణుబాంబుల్ని ఆరుబయట పేల్చి పరీక్షించాయి. వాటివల్ల గాలిలో కార్బన్-14 విపరీతంగా పెరిగింది. ఉత్తరార్ధగోళంలో 1963 ప్రాంతానికి దాదాపు రెట్టింపయింది. ఆ ఏడాదే గాలిలో పరీక్షలు ఆపుతూ ఒప్పందం కుదిరింది, అప్పటినుంచి మెల్లగా దిగుతూ వచ్చింది. ఆ మధ్యకాలంలో పెరిగిన ఏ మొక్కలోనైనా, పత్తి గాని అవిసె గాని, ఈ గుర్తు ఉంటుంది. దాన్ని చెరపడం ఎవరివల్లా కాదు.

వెనిస్‌లో పెగ్గీ గుగెన్‌హైమ్ సేకరణలో ఫెర్నాండ్ లెజే అనే ఫ్రెంచి చిత్రకారుడు వేశాడని చెప్పే చిత్రం ఒకటుంది. 1913-14 నాటి వరసలోది అనుకునేవారు, అనుమానాలు దశాబ్దాలుగా ఉన్నాయి. 2014లో ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు కాన్వాస్ పోగు తీసి పరీక్షిస్తే, ఆ గుడ్డ 1959 తర్వాతిదని తేలింది. లెజే 1955లోనే చనిపోయాడు. ఇక వాదనకు చోటు లేదు.

వంశధార
గుడ్డ సంగతి సరే. పాత గుడ్డ సంపాదించి దాని మీద కొత్తగా వేస్తే? మన ఊళ్లలో పాత పంచెలకీ దుప్పట్లకీ కొదవేముంది?

కెమిస్ట్రీ మాస్టారు
అసలు ప్రశ్న అదే. దానికీ జవాబు వచ్చింది. రంగుపొడిని పట్టి ఉంచే నూనెగాని జిగురుగాని కూడా మామూలుగా మొక్కనుంచో జంతువునుంచో వచ్చేదే. అవిసె నూనె ఏ ఏటి గింజది ఆ ఏటి లెక్క. 2019లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక తెలిసిన నకిలీ మీద ఈ పని చేసి చూపించారు. అమెరికాలో రాబర్ట్ ట్రాటర్ అనే ఆయన 1980లలో వేసి, 1866 నాటిదని సంతకం పెట్టిన బొమ్మ అది. కాన్వాస్ పరీక్షిస్తే పాతదే అని వచ్చింది, ఎందుకంటే ఆయన నిజంగానే పాత కాన్వాస్ వాడాడు. రంగులోని నూనెలో మాత్రం బాంబు కాలపు కార్బన్ బయటపడింది. అందుకు తీసిన రంగు 200 మైక్రోగ్రాములు కూడా లేదు. ఆవగింజలో పదోవంతు కంటే తక్కువ.

ఒక జాగ్రత్త. యాక్రిలిక్ రంగుల్లో జిగురు పెట్రోలియంనుంచి వస్తుంది. అందులో కార్బన్-14 ఉండదు. అలాంటి రంగుని తెలియకుండా పరీక్షిస్తే వేల ఏళ్ల నాటిదని అంకె వస్తుంది! పైన గంటస్తంభం గారు చెప్పిన వార్నిష్‌తో ప్రమాదం కూడా ఇలాంటిదే. పెట్రోలియం వార్నిష్ అయితే వయసు ఎక్కువ చూపిస్తుంది, ఈమధ్య పూసిన మొక్క నూనె అయితే తక్కువ చూపిస్తుంది.

పొందూరు నూలు (పొందూరు)
గుడ్డ గురించి నేను చెప్తాను, మాది నేతపని ఇల్లు. ల్యాబ్‌కి వెళ్లేలోపు వెనకవైపు గుడ్డ కనబడే చోట భూతద్దం పెట్టి చూడండి. చేత్తో వడికిన నూలు ఒక్కోచోట లావు, ఒక్కోచోట సన్నం ఉంటుంది, పురి కూడా సమానంగా ఉండదు. మిల్లు నూలు ఆసాంతం ఒకే లావు. రెండు చోట్ల వేరువేరుగా అంగుళానికి పోగులు లెక్కపెట్టండి, పడుగూ పేకా విడివిడిగా. మిల్లు గుడ్డయితే లెక్క ఇంచుమించు తప్పదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల గుడ్డ మన సంతల్లోకి వచ్చిపడింది కాబట్టి, మిల్లు గుడ్డ కనిపిస్తే 250 ఏళ్ల మాట మర్చిపోవచ్చు. చేతి నూలు కనిపిస్తే పాతదని మాత్రం అనుకోవద్దు. మా దగ్గర వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసే ఖద్దరు ఈ రోజుకీ వస్తోంది. చేతి నూలు అనేది ఏ శతాబ్దానికీ గుర్తు కాదు.

రంగుల పెట్టె (విశాఖపట్నం, సొంతూరు సాలూరు)
నేను పాత చిత్రాల సంరక్షణ పనిలో ఉన్నాను. మాస్టారు చెప్పినవన్నీ నిజం. నా మట్టుకు మొదట చూసేది రంగుల్నే. గుడ్డ, కర్ర, నూనె ఎంత పాతవైనా దొరుకుతాయి. రంగు విషయంలో మాత్రం కాలం దాటి వెళ్లడం కష్టం, ఎందుకంటే కొన్ని రంగులు ఫలానా ఏడాదికి ముందు లోకంలోనే లేవు.

మీ పటంలో రాముడి నీలం చాలా ముఖ్యం. మనవాళ్లు పాత రోజుల్లో నీలానికి వాడింది ఎక్కువగా నీలిమందు. 1704-06 ప్రాంతంలో బెర్లిన్‌లో ప్రష్యన్ బ్లూ పుట్టింది, అది తర్వాత ఓడలెక్కి ఇక్కడికీ వచ్చింది. లాపిస్ రాయి నూరి చేసే ఖరీదైన నీలానికి బదులు ఫ్యాక్టరీ అల్ట్రామెరీన్ 1820ల చివర ఫ్రాన్స్‌లో తయారైంది. 1935లో థాలోసయనిన్ నీలం బజారులోకి వచ్చింది. మీ రాముడి ఒంట్లో థాలో నీలం ఉంటే పటం 1935కి ముందుది కాదు, ఉన్నది తర్వాత దిద్దిన పూత అయితే తప్ప. ఫ్యాక్టరీ అల్ట్రామెరీన్ ఉంటే 250 ఏళ్ల లెక్క పోయినట్టే. నీలిమందు ఒక్కటే ఉంటే పాతది కావడానికి అడ్డేమీ లేదనే చెప్పగలం, అంతకు మించి కాదు.

తెలుపు కూడా చూడాలి. మన గుడ్డ పటాల్లో సుద్ద, శంఖం పొడి, సున్నం కనబడతాయి. జింక్ తెలుపు 1830ల నుంచి పెట్టె రంగుల్లోకి వచ్చింది. టైటానియం తెలుపు 1920 ప్రాంతంనుంచి. జర్మనీలో వోల్ఫ్‌గ్యాంగ్ బెల్ట్రాకీ అనే నకిలీల మాంత్రికుడిని పట్టించింది ఈ టైటానియం తెలుపే. కాంపెండాంక్ అనే చిత్రకారుడు 1914లో వేశాడని చెప్పిన బొమ్మలో అది దొరికింది. జింక్ తెలుపని కొనుక్కున్న ట్యూబులో టైటానియం కలిసి ఉంది, ఆ సంగతి లేబుల్ మీద లేదు. 2011లో ఆయనకి ఆరేళ్ల శిక్ష పడింది.

ఎరుపు, పసుపు అంతగా సాయపడవు. జేగురు (ఎర్రమట్టి), ఇంగిలీకం (ఎరుపు), హరిదళం (పసుపు) వందల ఏళ్లుగా వాడుతూనే ఉన్నారు. హరిదళం కనిపిస్తే ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, అందులో ఆర్సెనిక్ ఉంటుంది. ఇంగిలీకంలో పాదరసం. పిల్లలకి దూరంగా ఉంచండి.

ఈ రంగుల్ని గుర్తుపట్టడానికి ముక్క కొయ్యక్కర్లేదు. ఎక్స్‌ఆర్ఎఫ్ అని చేతిలో పట్టుకునే యంత్రం ఉంటుంది. ఎక్స్‌కిరణాలు పంపితే ఏ మూలకం ఉందో చెప్పేస్తుంది: పాదరసం, ఆర్సెనిక్, టైటానియం, జింక్, సీసం. నీలిమందు లాంటి మొక్క రంగుల్ని మాత్రం అది చూడలేదు, వాటికి లేజర్ వెలుగు వేసి పదార్థాన్ని గుర్తుపట్టే రామన్ యంత్రం కావాలి.

గంటస్తంభం
ఎక్స్‌ఆర్ఎఫ్ అంటే బంగారం షాపుల్లో క్యారెట్ మీటర్ అదేనా? విజయనగరంలో చాలా షాపుల్లో ఉంది. ఒకసారి అక్కడికి పట్టుకెళ్తే పోలా?

రంగుల పెట్టె
సూత్రం అదేనండి. కానీ దయచేసి పట్టుకెళ్లొద్దు. అది బంగారం, వెండి, రాగి, జింక్ పాళ్లు లెక్కకట్టేలా అమర్చి ఉంటుంది. పలచటి రంగుపొర కింద సుద్ద, దాని కింద గుడ్డ, కింద చెక్క అన్నీ కలిసి ఒకేసారి జవాబిస్తే ఆ లెక్క తప్పుతుంది. పైగా పెట్టె చిన్నది, పటం పట్టదు. ఎవరో ఒకరు పెచ్చు గిల్లి లోపల పెడదామంటారు, అక్కడితో నష్టం మొదలవుతుంది.

ఇంట్లో చెయ్యగలిగేది ఒకటుంది. దొంగనోట్లు చూసే నీలి లైటు, అంటే అల్ట్రావయలెట్ టార్చి, చీకటి గదిలో పటం మీద వెయ్యండి. దగ్గరనుంచి చూడండి. పాత సహజ వార్నిష్ ఉంటే ఆకుపచ్చగా మసకగా వెలుగుతుంది. తర్వాత దిద్దిన చోట్లు చుట్టూ ఉన్నదానికంటే నల్లగా మచ్చల్లా కనిపిస్తాయి. జింక్ తెలుపు పసుపు-ఆకుపచ్చలో వెలుగుతుంది, టైటానియం తెలుపు వెలగదు. గుడ్డ గానీ కుట్టిన దారం గానీ తెల్లటి నీలంలో భగ్గున మెరిస్తే, అందులో ఆప్టికల్ బ్రైటెనర్, అంటే గుడ్డని తెల్లగా కనబడేలా చేసే మందు, ఉంది. అది 20వ శతాబ్దం నడిమిన వచ్చిన మందు. ఐతే సబ్బుపొడితో ఎవరైనా తుడిచి ఉంటే పాత గుడ్డ కూడా అలాగే మెరుస్తుంది. అందుకే గంటస్తంభం గారి మొదటి మాటని నేనూ నొక్కి చెప్తున్నాను, కడగొద్దు.

ఇచ్ఛాపురం (శ్రీకాకుళం జిల్లా)
మాది సరిహద్దు ఊరు, గంజాం అవతలే. ఈ వైపు గుడ్డ పటాల్లో ఒడిశా పటచిత్రాల పనితనం చాలా కనిపిస్తుంది. చింతగింజల జిగురు, సుద్ద కలిపి గుడ్డకి పూసి, ఆరాక రాయితో రుద్ది నునుపు చేస్తారు. రంగుల్లో వెలగ బంక. పూరీలో స్నానయాత్ర తర్వాత జగన్నాథుడు దర్శనం ఇవ్వని రోజుల్లో ఆయన బదులు పూజించే పటాలు కూడా ఈ పద్ధతివే.

దీని గురించి ఎందుకు చెప్తున్నానంటే, చింతగింజలు, బంక, పత్తి అన్నీ ఏటేటా వచ్చేవే. కార్బన్ పరీక్షకి ఇంతకంటే మంచి సరుకు ఉండదు. కర్ర పలక మీద వేసినదైతే చెట్టు ఎప్పుడు నరికారు, ఆ పలక గుండెలోనిదా పైపొరలోనిదా అని మరో గొడవ. ఐరోపాలో ఓక్ పలకల మీద వేసిన చిత్రాలకి వలయాలు లెక్కపెట్టి చెట్టు కూల్చిన కాలం పట్టుకుంటారు. మన మామిడి చెక్కల్లో అలా ఏడాదికో వలయం తేటగా కనబడదు. మీ పటం వెనక చెక్క వయసుని పటం వయసనుకోకండి.

ఇంకోటి. మా వైపు పటం మాసిపోతే పారెయ్యరు. ఆ గీతల మీదే మళ్లీ రంగులు దిద్దుతారు. అప్పుడు కింద ఒక కాలం, పైన ఒక కాలం. అలాంటిదాన్ని నకిలీ అంటే నేను ఒప్పుకోను. పూజలో ఉన్న పటానికి అది సహజం.

వంశధార
ఆ మాట నాకూ నచ్చింది. కానీ కొనేవాడు దాన్ని వేరుగా చూస్తాడు కదా. ఇంకో అనుమానం: ఈ పరీక్షలన్నీ పుస్తకాల్లో ఉన్నవే. నకిలీలు చేసేవాడు చదవడా? పాత రంగులు నూరుకుని, పాత గుడ్డ తెచ్చుకుని వేస్తే?

కెమిస్ట్రీ మాస్టారు
చదువుతాడు, చదివారు కూడా. హాన్ వాన్ మీగెరెన్ అనే డచ్చివాడు 17వ శతాబ్దపు చిత్రకారుడు వెర్మీర్ పేరు మీద బొమ్మలు వేశాడు. పాత కాన్వాసు తెచ్చి పైరంగు గీకేవాడు, లాపిస్ నూరేవాడు, బేకలైట్ అనే ఒక రకం ప్లాస్టిక్ కలిపి పొయ్యిలో పెట్టి రంగుని వందల ఏళ్ల నాటిదానిలా గట్టిపరిచేవాడు. 1937లో వేసిన బొమ్మని పండితులే మెచ్చుకున్నారు, మరుసటేడు రోటర్‌డామ్ మ్యూజియం కొనుక్కుంది. యుద్ధం అయ్యాక 1945లో, నాజీ నాయకుడు గోరింగ్‌కి వెర్మీర్ అమ్మాడన్న నేరం మీద అరెస్టయ్యి, ప్రాణం కాపాడుకోవడానికి తానే వేశానని ఒప్పుకున్నాడు. అయినా కొందరు నమ్మలేదు.

వాళ్ల నోరు మూయించింది సీసం. సీసపు తెలుపులో రేడియోధార్మిక సీసం-210 ఉంటుంది. ఖనిజం కరిగించి సీసం తీసినప్పుడు దాని మూలమైన రేడియం చాలావరకు విడిపోతుంది. అప్పటినుంచి సీసం-210 ప్రతి 22 ఏళ్లకి సగం చొప్పున తరిగి, రెండు వందల ఏళ్లకి మిగిలిన రేడియంతో సరితూగుతుంది. 17వ శతాబ్దపు తెలుపైతే సరితూగి ఉండాలి. బెర్నార్డ్ కైష్ అనే ఆయన 1968లో పరీక్షించి, ఆ బొమ్మలో ఇంకా చాలా ఎక్కువ ఉందని చూపించారు. అంటే ఆ సీసం ఈమధ్య కరిగించినదే. మీగెరెన్‌కి ఈ సంగతి ఊహకి కూడా అందదు, ఆయన కాలంలో ఆ పరీక్షే లేదు.

మన పటాల్లో తెలుపు ఎక్కువగా సుద్ద, శంఖం కాబట్టి ఈ పద్ధతి మీకు ఉపయోగపడకపోవచ్చు. కానీ ఒకటి గమనించండి. పైన చెప్పిన ప్రతి కేసులోనూ శాస్త్రం "కాదు" అని తేల్చింది. "అవును, ఇది ఫలానావాడు ఫలానా ఏడాది వేశాడు" అని ఏ యంత్రమూ చెప్పలేదు. వంద పరీక్షలు దాటినా "అభ్యంతరం దొరకలేదు" అనే రాస్తారు. మిగతాది ఇంటి చరిత్ర, కాగితాలు, చెయ్యి తెలిసిన కళ్లు పూరించాలి. సర్టిఫికెట్ అడిగేవాళ్లకి ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

బొబ్బిలి (విజయనగరం జిల్లా)
అసలు అది చేత్తో వేసిందేనా అని ఎవరూ అడగలేదు! మా వైపు పాత ఇళ్లలో "ఒరిజినల్ రవివర్మ" అని చూపించేవాటిలో చాలామటుకు అచ్చు పటాలే. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాక దేవుళ్ల పటాలు ఇంటింటికీ వచ్చాయి. కొన్నింటిని గుడ్డ మీద అంటించి, పైన వార్నిష్ పూసి ఆయిల్ పెయింటింగులా అమ్మారు. పది రెట్లు చూపే భూతద్దం పెట్టి ముఖం మీద చూడండి. రాతి అచ్చులో ఇసక చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు, ఒక రంగు మీద ఒకటి. ఈ కాలపు ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు లెక్కగా పువ్వుల్లా పేర్చి ఉంటాయి. చేత్తో వేసిందైతే కుంచె వెంట్రుకల గీతలు, రంగు ఎత్తుపల్లాలు కనబడతాయి. ఖర్చు లేని పరీక్ష, అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఇదే.

శ్రీకూర్మం వీధి (శ్రీకాకుళం)
ఇంటి పటం కాకపోయినా అడగాలనిపించింది. శ్రీకూర్మనాథుడి గుడి ప్రదక్షిణ మండపం గోడల మీద బొమ్మలున్నాయి కదా. చాలాచోట్ల చెదిరిపోయాయి. వాటి వయసు ఇలా తేల్చవచ్చా? చిన్నప్పటినుంచి చూస్తున్నాను, కళ్లముందే రంగు పోతుంటే బాధగా ఉంటుంది.

కెమిస్ట్రీ మాస్టారు
గోడ బొమ్మలకి ఇంకో దారి ఉంది. సున్నం ఆరేటప్పుడు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని గట్టిపడుతుంది. అంటే గచ్చు వేసిన నాటి గాలి గోడలోనే నిలిచిపోతుంది. ఆ కార్బన్‌ని కొలవచ్చు. చిక్కు ఏమిటంటే సున్నం సరిగ్గా కాలకపోతే పాత సున్నపురాయి ముక్కలు మిగిలి వయసు పెంచేస్తాయి. మన కోస్తాలో గుల్ల సున్నం వాడకం ఎక్కువ. కాలని గుల్ల మిగిలితే సముద్రపు కార్బన్ వచ్చి చేరుతుంది, అది భూమ్మీద పెరిగినదానికంటే సగటున 400 ఏళ్లు పెద్దదిగా కనిపిస్తుంది. పైగా మళ్లీ అదే 1650-1950 సమస్య. ఇక గచ్చు వయసు వచ్చినా బొమ్మ వయసు కాదు, ఆరిన గోడ మీద ఎప్పుడైనా వెయ్యవచ్చు.

రంగుల పెట్టె
గుడి గోడనుంచి ఎవరూ సొంతంగా గోరంత కూడా గీకకూడదు, అది అధికారులు అనుమతించి, సంరక్షకులు చెయ్యాల్సిన పని. శ్రీకూర్మం బొమ్మలకి ఇప్పుడు వయసు కంటే అత్యవసరం మంచి ఫోటోలు. మామూలు వెలుతురులో, పక్కనుంచి పడే వెలుతురులో, ఇన్‌ఫ్రారెడ్‌లో. మసి పట్టిన చోట కూడా కింద గీత కాటుకతో గీసి ఉంటే ఇన్‌ఫ్రారెడ్‌లో కొన్నిసార్లు పైకి తేలుతుంది. రంగు పోయాక ఏ పరీక్షా దాన్ని తిరిగి ఇవ్వదు.

గంటస్తంభం
అయ్యకోనేరు గారూ, చట్టం సంగతి కూడా చూసుకోండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రం పురావస్తువే. రిజిస్టర్ చేయించాలి, దేశం దాటించకూడదు. కొనేవాడికి వ్యాపార లైసెన్సు ఉందో లేదో అడగండి. పాతదని తేలితే ధర పెరుగుతుందని తొందరపెట్టేవాళ్లు ఈ మాట ఎత్తరు.

అయ్యకోనేరు గట్టు
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆదివారం రాజాం వెళ్లి మావయ్యలిద్దరి ఎదుటే చూశాను. భూతద్దంలో చుక్కల్లేవు, కుంచె గీతలున్నాయి. సీతమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర ఎరుపు కింద ఇంకో ఎరుపు, కొంచెం కాషాయం లాంటిది, పెచ్చు లేచిన అంచులో కనబడుతోంది. నీలి లైటులో రాముడి ముఖం మీద, ఎడమ చేతి మీద నల్లటి మచ్చలొచ్చాయి. గుడ్డ మెరవలేదు. అంచున బయటికి వచ్చిన పోగు ఒకటి లావుగా సన్నంగా ఉంది. చెక్కకి రెండు రకాల మేకులున్నాయి. కొన్ని నలుపలకల కమ్మరి మేకులు, కొన్ని గుండ్రటి ఫ్యాక్టరీ మేకులు. చెక్కకీ గుడ్డకీ మధ్య తెలుగు పత్రిక కాగితం అంటించి ఉంది, ఒక మూల రెండు మూడు మాటలు చదవగలిగాం, తేదీ కనబడలేదు.

చిన్న మావయ్య పత్రిక చూడగానే "చెప్పానా, కొత్తదే" అన్నారు.

రంగుల పెట్టె
పత్రిక ఆ చెక్క బిగించిన నాటిది, బొమ్మ వేసిన నాటిది కాదు. రెండు రకాల మేకులున్నాయంటే కనీసం ఒకసారి విప్పి బిగించారు, కాగితం అప్పుడు చేరి ఉండవచ్చు. ముఖం మీద మచ్చలంటే దిద్దుబాటు. ఎరుపు కింద ఎరుపు ఉందన్నారు, అది నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉంది. ఇచ్ఛాపురం గారు చెప్పినట్టు మళ్లీ దిద్దిన పటం కావచ్చు. దయచేసి ఆ కాగితాన్ని పీకొద్దు, ఉన్నదున్నట్టు ఫోటో తియ్యండి. అక్షరాల అచ్చు తీరు, కనబడిన వార్త బట్టి పాత పత్రికలు తిరగేసేవాళ్లు ఏ ఏడాదో పట్టుకోగలరు.

అయ్యకోనేరు గట్టు
సరేనండి. పెద్ద మావయ్య అమ్మనంటున్నారు, చిన్న మావయ్య వయసు తేలేవరకు ఆగుతానన్నారు. అంతవరకు మా అమ్మ దగ్గర ఉంటుంది. ఇప్పుడు ఏ వరసలో వెళ్లాలి?

కెమిస్ట్రీ మాస్టారు
ముందు ముక్క కోయని పరీక్షలే. లక్నోలో సాంస్కృతిక సంపద సంరక్షణకి జాతీయ పరిశోధనశాల ఉంది, 1976 నుంచి ఇదే పని. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా సంరక్షణ ల్యాబ్ ఉంది. ఫోటోలు పంపించి, ఇంటివాళ్ల పటం చూస్తారా, ఎలా తీసుకురావాలి అని ఉత్తరం రాసి అడగండి. ఎక్స్‌ఆర్ఎఫ్‌లోనో రామన్‌లోనో కింది పొరలో టైటానియం గానీ థాలో నీలం గానీ దొరికితే కథ అక్కడితో అయిపోయినట్టే, కార్బన్‌కి డబ్బు తగలెయ్యక్కర్లేదు. దొరక్కపోతే అప్పుడు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ లాంటి చోట్ల కార్బన్ కొలిచే యంత్రం ఉంది. అప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్న "ఎన్నేళ్లది" అని కాదు, "బాంబు కార్బన్ ఉందా లేదా" అని. స్వాతంత్ర్యం తర్వాతదే అన్నాయన మాటకి దానితో చాలావరకు జవాబు దొరుకుతుంది. 1947కీ 1955కీ మధ్య వేసిందైతే మాత్రం అదీ పట్టదు.

రంగుల పెట్టె
నమూనా తీసే రోజు వస్తే సంరక్షకులే తీస్తారు. పోగుని చెక్క కింద దాగిన అంచునుంచి, జిగురుని మొదటి సుద్ద పొరనుంచి తీయమని అడగండి. దిద్దిన చోటునుంచి తీస్తే దిద్దిన నాటి వయసే వస్తుంది. నీలి లైటులో మచ్చలు ఎక్కడున్నాయో ఇప్పుడే కాగితం మీద గీసి పెట్టుకోండి, ఆ రోజు వాళ్లకి అదే చూపించాలి. పటాన్ని బోర్లించొద్దు, వెల్లకిలా పడుకోబెట్టి పైన ఏమీ తగలకుండా పెట్టెలో ఉంచండి. దేవుడి గదిలో పెట్టేట్టయితే దీపానికి దూరంగా.

పొందూరు నూలు
ఆ పోగు ఫోటో దగ్గరనుంచి తీసి, పక్కన స్కేలు ఉంచి ఇక్కడ పెట్టండి. పురి ఏ వైపు తిరిగిందో చూసి చెప్తాను.

అయ్యకోనేరు గట్టు
రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. మచ్చల గీత కూడా.